తోడు పడిన పాలు

మా మనవడు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఎవరో పరదేశపు ఆసామికి వెబ్‌సైట్ బొమ్మలు గీసిచ్చాడట, ఆయన కూలి బిట్‌కాయిన్లలో పంపాడట. వీడు వాటిని తీసుకెళ్లి ఒక ఎక్స్ఛేంజ్‌లో వేశాడు. మర్నాటికల్లా ఖాతాకి తాళం. ఈ నాణేలు నాలుగు చేతుల అవతల ఒక దొంగతనానికి తగులుతున్నాయి, ఎలా వచ్చాయో కాగితాలు చూపించమని మెయిలు.

"నేనేం చేశాను తాతయ్యా?"

ఏం చెయ్యలేదురా. జేబులోంచి ఆ పది నోటు తియ్యి. ఎవడో దాని మీద ఫోన్ నంబరు రాశాడు, ఇంకెవడో గుండె బొమ్మ గీశాడు. కిందటి వారం అది ఏ జేబుదొంగ చేతిలో ఉందో మన కిళ్లీకొట్టు సుబ్బయ్య అడుగుతాడా? అడగడు. ఈ అడక్కపోవడం వెనక ఒక కథ ఉంది. స్కాట్లాండులో క్రాఫర్డ్ అనే మహా జాగ్రత్తపరుడు టపాలో నోట్లు పంపుతూ, నంబర్లు రాసుకుని, వెనక సంతకం కూడా చేశాడు. టపాలో అవి పోయాయి. వాటిలో ఒకటి రాయల్ బ్యాంకులో తేలింది. నాది నాకిమ్మని కోర్టుకెక్కాడు. 1749లో కోర్టు కుదరదు పొమ్మంది. తెలియక, న్యాయంగా పుచ్చుకున్నవాడి దగ్గర్నుంచి డబ్బు లాక్కుంటే రేపు నోటు ముట్టుకునేవాడే ఉండడు కదా!

బిట్‌కాయిన్‌ది ఉల్టా వ్యవహారం. 2009 జనవరి నుంచీ ప్రతి చేతిమార్పిడీ ఊరందరికీ కనిపించే చిట్టాలో ఉంది, చెరపడానికి లేదు. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 1,20,000 బిట్‌కాయిన్లు పోయాయి. 2022 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం వాటిలో 94,000 పైచిలుకు పట్టుకుంది, ఒక జంటను అరెస్టు చేసింది. ఈలోగా వాళ్లు కొంత సొమ్ము ఎక్స్ఛేంజీల్లో వేస్తే, అక్కడా ఇదిగో నిన్నడిగిన ప్రశ్నే అడిగారు.

దొంగసొమ్ము విడిగా ఉన్నంతసేపూ చిక్కు లేదు. కలిస్తేనే పేచీ. మూడు చెడ్డ నాణేలు, ఏడు మంచివి ఒకే చోట పోశారనుకో. ఇప్పుడు చెడ్డవేవి?

మీ నాయనమ్మ రాత్రి గిన్నెడు పాలలో ఒక్క చెంచా పెరుగు వేస్తుంది చూడు, తెల్లారేసరికి గిన్నె గిన్నంతా తోడుకుంటుంది. అలా చూస్తే పదీ చెడ్డవే. కాదు, పాలవాడు నీళ్లు కలిపినట్టు అనుకుంటే ఏ గ్లాసు ముంచినా పదింట మూడు వంతులు చెడు. మూడోది రేషన్ షాపు క్యూ లెక్క: ముందొచ్చింది ముందు పోతుంది. 2018లో కేంబ్రిడ్జిలో రాస్ ఆండర్సన్ బృందం ఈ మూడోదాన్నే వాడమంది, ఇంగ్లాండులో 1816 నాటి ఒక బ్యాంకు తగవు తీర్పును పట్టుకుని. నాకూ అదే సబబుగా తోస్తుంది, కనీసం దోషం ఊరంతా పాకదు. అయితే ఎక్స్ఛేంజీలు ఏ లెక్కన ఆపాయో మనకు చెప్పవు.

"పోనీ, వెనక్కి తీసేసుకోనా?"

ఎలా తీసుకుంటావు? నువ్వు వేసిన అడ్రసు తాళంచెవి ఎక్స్ఛేంజ్ వాళ్లది. మన దేశంలో 2023 మార్చి నుంచి వాళ్లూ మనీ లాండరింగ్ చట్టం కింద ఉన్నారు, అనుమానం వస్తే పైకి చెప్పాల్సిందే. నీ సొంత వాలెట్ ఉందే, దానికీ గడియ లేదు. ఎవడైనా ఏదైనా లోపలికి విసరొచ్చు. 2022 ఆగస్టులో నాణేలు కలగలిపి జాడ తెలియకుండా చేసే టోర్నడో క్యాష్ మీద అమెరికా ఆంక్షలు పెట్టగానే ఎవడో ఆకతాయి అందులోంచి 0.1 ఈథర్ (బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో నాణెం) చొప్పున పేరున్నవాళ్లకి పంపాడు. టీవీ జిమ్మీ ఫాలన్‌కీ చేరింది. వద్దనే వీలు లేదు.

"సరే, ఆ ఆసామికి నువ్వు రాసిచ్చిన బిల్లు తీసుకురా" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "బిల్లేం లేదు తాతయ్యా. వాట్సాప్‌లో మాట్లాడుకున్నాం. అవి వారానికి మాయమైపోయేలా పెట్టుకున్నాడాయన."