మీకు తెలుసా? అరకు కుందేలుకు బొరియ లేదు!

ఐరోపా పల్లెల్లో కుందేళ్ల వేటకు ఫెర్రెట్‌ను వాడతారు. ఇది మన నీటికుక్కల కుటుంబానికి చెందిన సన్నటి పెంపుడు జంతువు. బొరియల నోళ్లకు వలలు కట్టి దాన్ని లోపలికి వదిలితే, బెదిరిన కుందేళ్లు బయటికి దూకి వలలో పడతాయి. రోమన్ల కాలంలోనే స్పెయిన్ తీరాన ఉన్న బెలియారిక్ దీవుల్లో పంటలు కాపాడుకోవడానికి ఈ పద్ధతి వాడారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

అదే ఫెర్రెట్‌ను అరకు కొండల్లో వదిలితే? దానికి పనే ఉండదు!

మన అడవి కుందేలు, అంటే చెవులపిల్లి, బొరియ తవ్వదు. గడ్డి దుబ్బుల మధ్య చిన్న గుంతలో పడుకుంటుంది. ఆపద వస్తే పరుగే దానికి రక్ష. పిల్లలు కూడా ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి.

అందుకే ఇక్కడి వేట తీరు వేరు. చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తే మన్యంలో విత్తనాలకు పూజ చేసి, మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్లడం ఆచారం. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ల ఎగతాళి తప్పదు!

అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చెవులపిల్లిని వేటాడటం నేరం. 2022 సవరణతో అది రెండో షెడ్యూల్‌లోకి చేరింది.