ఇంటి నుంచి పని.. ఆమెకే ఎందుకంత విలువ?

విజయవాడ: మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలను పెద్దయెత్తున కల్పించేందుకు ప్రణాళిక రూపొందిస్తున్నట్లు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన సంగతి విదితమే. ఈ సదుపాయం పురుషులకూ ఉపయోగపడేదే. మరి ప్రత్యేకించి మహిళలనే ప్రస్తావించడానికి కారణమేమిటి? దానికి వారు కట్టే విలువ వేరని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ విలువను రూపాయల్లో లెక్కించడమూ సాధ్యమే.

అమెరికా ఆర్థికవేత్తలు అలెగ్జాండర్‌ మాస్‌, అమండా పాలైస్‌ 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో పేరెన్నికగన్నది. కాల్‌సెంటర్‌ ఉద్యోగాలకు దరఖాస్తు చేసినవారి ముందు వారు రెండేసి రకాల కొలువులను ఉంచి, జీతంలో తేడా చూపి, ఏది కావాలో తేల్చుకోమన్నారు. ఇంటి నుంచి పనిచేసే వీలుంటే జీతంలో సగటున 8 శాతం వదులుకోవడానికి అభ్యర్థులు సిద్ధపడ్డారు. నెలకు రూ.30 వేలు తీసుకునేవారికి ఇది రూ.2,400తో సమానం. యాజమాన్యం స్వల్ప వ్యవధి ముందు చెప్పి వేళలు నిర్ణయించే ఉద్యోగాన్ని తప్పించుకునేందుకైతే ఏకంగా 20 శాతం, అంటే రూ.6 వేలు వదులుకోవడానికీ వెనుకాడలేదు. ఈ రెండింటిలోనూ మహిళలు, అందునా పసిపిల్లల తల్లులు, పురుషుల కన్నా ఎక్కువ వదులుకోవడానికి మొగ్గుచూపారు. విచిత్రమేమిటంటే, పనివేళలను తామే ఎంచుకునే స్వేచ్ఛ కోసం జీతం తగ్గించుకోవడానికి అత్యధికులు ఇష్టపడలేదు. వేళ ముందుగా తెలిస్తే చాలుననుకున్నారు.

మన దేశం విషయానికి వస్తే, కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే అసలు కారణాన్ని చూపుతుంది. వేతనం లేని ఇంటిపనులు చేసే మహిళలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చించగా, అవే పనులు చేసే పురుషులు వెచ్చించింది 88 నిమిషాలే. ఇంట్లోవారి సంరక్షణకు మహిళలు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు కేటాయించారు. సాయంత్రం షిఫ్టుకు రావాలని మధ్యాహ్నం ఫోన్‌ వస్తే పురుషుడు క్యారియర్‌ పట్టుకుని బయలుదేరవచ్చు (ఆ క్యారియర్‌ సర్దేదీ చాలా ఇళ్లలో ఆమే). ఉద్యోగిని మాత్రం బడి నుంచి వచ్చే బిడ్డను అత్తగారికి అప్పగించాలా, పొరుగింటివారిని బతిమాలాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆమె వదులుకునే రూ.6 వేలు ఈ అవస్థకు కట్టిన వెల.

అయితే నష్టం జీతంతోనే ఆగకపోవచ్చు. చైనాలోని సీట్రిప్‌ పర్యాటక సంస్థ 2010 చివర్లో తన కాల్‌సెంటర్‌ ఉద్యోగులలో కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేయించింది. ఆర్థికవేత్త నికొలస్‌ బ్లూమ్‌ బృందం పరిశీలించగా వారి పనితీరు 13 శాతం మెరుగుపడినట్లు తేలింది. కానీ ఆ పనితీరుకు తగినట్లు పదోన్నతులు రాలేదు. కంటికి కనిపించనివారు గుర్తుకూ రారన్నమాట! అదే సంస్థలో 2021-22లో 1,612 మందితో మరో ప్రయోగం జరిగింది. ఈసారి వారానికి రెండు రోజులే ఇంటి నుంచి పని. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. మహిళలలోనూ, దూరం నుంచి వచ్చేవారిలోనూ ఈ తగ్గుదల స్పష్టంగా కనిపించింది. పదోన్నతులకు మాత్రం ఎలాంటి భంగం వాటిల్లలేదు. ఇంటి నుంచి పనిని మహిళలకే పరిమితం చేసి, వారమంతా ఇంటికే కట్టిపడేస్తే మొదటి ప్రయోగంలోని చిక్కు వారి మెడకే చుట్టుకునే ప్రమాదముంది.

చట్టం అండ కూడా పరిమితమే. ప్రసూతి సెలవు అనంతరం ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటును 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ ద్వారా చేర్చారు. సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. పని స్వభావం అనుమతించాలి, షరతులపై యాజమాన్యం, ఉద్యోగిని పరస్పరం అంగీకరించాలి. అంటే యాజమాన్యం కాదంటే అంతే. కనుక అంగీకరించే ముందే వారంలో ఎన్ని రోజులు, వేళలను ఎవరు నిర్ణయిస్తారు, పదోన్నతికి ఏది ప్రాతిపదిక అన్న అంశాలను ఉద్యోగినులు లిఖితపూర్వకంగా తీసుకోవడం మేలు.