మీకు తెలుసా? ఆయువుపట్టు ఎక్కడుందో!

‘ఆయువుపట్టు’ అన్న మాట మనకు రోజూ కనబడేదే. డెల్టాకు ధవళేశ్వరం ఆనకట్ట ఆయువుపట్టు అని పేపర్లో రాస్తారు. మా నిడదవోలుకైతే రైల్వే జంక్షనే ఆయువుపట్టు. అసలు అర్థం మాత్రం ఒంటికి సంబంధించింది: దెబ్బ తగిలితే ప్రాణం పోయే చోటు. ప్రాణమంతా ఒక్కచోట మూటగట్టి ఉంటుందన్న ఊహ మనకు బాగా పాతది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. దాని పీక నులిమితే చాలు, ఫకీరు పని సరి. ఆ చిలకను మనిషి ఒంట్లోకి తెచ్చి ఏ కణతలోనో, డొక్కలోనో కూర్చోబెడితే అదే మర్మవిద్య.

1996లో ‘భారతీయుడు’ వచ్చాక మా బళ్లో మగపిల్లల చేతులు ఉన్నచోట ఉండేవి కావు. వేళ్లు కొక్కెంలా వంచి ముందు బెంచీవాడి మెడ మీద పొడవడమే పని. సేనాపతి వేషంలో కమల్‌హాసన్ అలా పొడిస్తే లంచగొండులు కాలూ చేయీ పడిపోయి కూలబడేవాళ్లు. మా ముందు బెంచీవాడు మాత్రం వెనక్కి తిరిగి వీపు మీద ఒక్కటి అంటించేవాడు. మర్మకళ మీద నేను కళ్లారా చూసిన మొదటి ప్రయోగం అది. తర్వాత 2011లో ‘సెవెన్త్ సెన్స్’ ఇంకో మెట్టు ఎక్కింది. అందులో విలన్‌కు వేలు కూడా అక్కర్లేదు, చూస్తే చాలు.

107లో 19

మర్మాల లెక్క సినిమావాళ్లు కల్పించింది కాదు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఆరో అధ్యాయమంతా ఇదే. ఒంట్లో మర్మాలు 107 అంటాడు సుశ్రుతుడు. కాళ్లూ చేతుల్లో 44, మొండెంలో 26, మెడ మొదలు పైకి 37. అన్నీ ప్రాణం తీసేవి కావు. వెంటనే, అంటే ఏడు రోజుల్లోపు చంపేవి 19. పక్షం నుంచి నెల లోపల చంపేవి 33. అవిటితనం తెచ్చేవి 44. నొప్పితో వదిలిపెట్టేవి 8. ‘వెంటనే’ అన్నమాటకు ఆయనిచ్చిన గడువే వారం రోజులు. సినిమాలో అంతసేపు ఎవరూ ఆగరు.

ఇంకో మూడున్నాయి. వాటిని విశల్యఘ్నాలన్నాడు. బాణం గుచ్చుకుని ఉన్నంతసేపూ మనిషి బతికే ఉంటాడు, పీకితే పోతాడు. ఇప్పటి ప్రథమ చికిత్స పాఠంలోనూ ఇదే మాట: కత్తి దిగిన మనిషిని అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మీరు పీకొద్దు.

ఆయన చెప్పేది బాణం దెబ్బల గురించి, కోతల గురించి. చదివేవాడు శస్త్రవైద్యుడు. కత్తి పెట్టేటప్పుడు ఈ చోట్లకు దూరంగా జరుగు అని, ఎంత దూరమో అంగుళాల్లో కొలిచి మరీ హెచ్చరించాడు. ఇక్కడ కొట్టు అని ఎవరికీ నేర్పలేదు. జాగ్రత్తల పట్టీని జనం చేతిలో పడ్డాక దాడి పట్టీగా మార్చేశారు.

బొటనవేలికీ పక్కవేలికీ మధ్య

కాలి బొటనవేలు, పక్కవేలు కలిసే సందులో ఉన్న మర్మం పేరు క్షిప్రం. చేతిలోనూ ఉంది. అక్కడ గాయమైతే మనిషి వంకర్లు తిరిగి, ఈడ్పులొచ్చి చనిపోతాడని, అదీ కొన్నాళ్లకు చనిపోతాడని సుశ్రుతుడు రాశాడు. వేలి సందులో ప్రాణం ఏముంటుందని నవ్వుకోబోయి ఆగాను. చెప్పుల్లేకుండా చేలో నడిచే మనిషికి సరిగ్గా అక్కడే కదా కొడవలి మొనో ముల్లో దిగేది! వారం పది రోజులకు దవడలు బిగుసుకుపోవడం, ఒళ్లు విల్లులా వంగిపోవడం. మన ఊళ్లల్లో దానికి పేరుంది, ధనుర్వాతం. సుశ్రుతుడు చూసింది అదేనని తేల్చి చెప్పలేం గానీ, నాకైతే అదే అనిపిస్తుంది. చంపింది చోటు కాదు, మట్టిలోని క్రిమి.

డొక్కలో తన్ను, కడుపులో బల్ల

‘వాణ్ణి డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. ఆ పూట బాగానే ఉన్నాడు. మూడో రోజుకు పోయాడు.’ ఇలాంటి కథ మన వైపు ప్రతి ఊళ్లో ఒకటి ఉంటుంది. కథ చివర ‘తన్నినవాడికి నరాల కిటుకు తెలుసు’ అన్న మాట తప్పకుండా తగులుతుంది.

ఎడమ డొక్కలో పక్కటెముకల చాటున ప్లీహం ఉంటుంది. మామూలుగా మన గుప్పెడంత. మలేరియా పదేపదే వచ్చినవాళ్లకు అది ఉబ్బి, ఎముకల చాటు దాటి కిందికి దిగుతుంది. మన పెద్దవాళ్లు దాన్నే కడుపులో ‘బల్ల’ అనేవారు. గోదావరి ఎగువన మన్యం జ్వరం, అంటే మలేరియా, ఇంటింటా ఉన్న రోజుల్లో బల్ల లేని పిల్లలు అరుదు. ఒక ఊళ్లో మలేరియా ఎంతుందో తెలియాలంటే ఆరోగ్యశాఖవాళ్లు చేసిన పని కూడా ఇదే. పిల్లల పొట్టలు తడిమి, నూటికి ఎంతమందికి బల్ల తగులుతోందో రాసుకునేవారు.

అలా ఉబ్బిన ప్లీహం చితకడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు. ఒక్కోసారి రక్తం పైపొర కిందే ఆగిపోయి, రోజులు గడిచాక ఆ పొర చిట్లుతుంది. కాబట్టి ‘మూడో రోజు’ నిజమే. కిటుకు తన్నినవాడి కాల్లో లేదు, తన్నులు తిన్నవాడి కడుపులో ఉంది.

ఇది ఊరి కబుర్లతో ఆగలేదు. తెల్లదొరల కాలంలో కూలీనో బంట్రోతునో కొట్టి చంపిన దొరలకు కోర్టుల్లో ఇదే కవచమైంది: ‘అతని ప్లీహం ముందే ఉబ్బి ఉంది, నేను కొట్టింది చిన్న దెబ్బే.’ ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లిష్ ప్లీడరు, చర్చికి బయల్దేరే వేళ బండి దగ్గర సమయానికి లేడని గుర్రపువాణ్ణి చెంప మీద కొట్టి జుట్టు పట్టి లాగాడు. అతను లేచి పక్క దొడ్లోకి వెళ్లి చనిపోయాడు. ప్లీహం చితికిందని తేలింది. మేజిస్ట్రేటు వేసిన జుర్మానా 30 రూపాయలు. ఇంత తక్కువా అని 1876లో వైస్రాయ్ లిట్టనే మందలించాడు. అంత పలచటి శిక్ష వేసినందుకు మేజిస్ట్రేటును తప్పుపడితే, దేశంలోని తెల్లవాళ్లంతా లిట్టన్ మీద విరుచుకుపడ్డారు. మర్మం దెబ్బ కథల్లో నన్ను నిజంగా భయపెట్టేది ఇదొక్కటే.

నడిచి వెళ్లిన లాంబా

సుశ్రుతుడి 19లో కణతలున్నాయి. ఆయన వాటిని శంఖం అంటాడు. అక్కడ పుర్రె పలచన. దాని లోపలివైపు ఒక ధమని ఎముకను ఒరుసుకుంటూ పోతుంది. ఎముక విరిగి ఆ ధమని తెగితే రక్తం మెల్లగా పేరుకుంటుంది. దెబ్బ తిన్నవాడు లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు, కాఫీ కూడా తాగుతాడు. కొన్ని గంటలకు స్పృహ తప్పుతుంది. ‘తాకి వదిలేశాడు, రాత్రికి పోయాడు’ అన్న కథలకు ఇంతకంటే మంచి పుట్టిల్లు దొరకదు.

తలకు దెబ్బ తగిలాక మనిషి బాగానే కనబడటం ఎంత మోసమో క్రికెట్ చూసేవాళ్లకు రమణ్ లాంబా పేరు చెబితే చాలు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బంతి తలకు తగిలింది. లేచి నడుచుకుంటూ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లాడు. మూడు రోజులకు చనిపోయాడు. 2014 నవంబరులో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్‌కు బంతి హెల్మెట్ కింద మెడ పక్కన తగిలి, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిట్లింది. వయసు 25. ఆ చోటు చూసి వేయడం ప్రపంచంలో ఏ బౌలర్ వల్లా కాదు.

గుండె సంగతి ఇంకా విచిత్రం. ఎముక విరగకుండా, కండ కమలకుండా, రొమ్ము మీద తగిలిన బంతి దెబ్బకే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. 1998లో అమెరికాలో పందుల మీద చేసిన ప్రయోగాల్లో దీని గుట్టు తెలిసింది. ప్రతి గుండె చప్పుడులోనూ ఒక సందు ఉంటుంది, సుమారు సెకనులో యాభయ్యో వంతు. దెబ్బ సరిగ్గా అప్పుడే, సరిగ్గా గుండె మీదే పడాలి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ 2023 జనవరి 2న మైదానంలో కుప్పకూలింది ఇందువల్లే. వెంటనే గుండె మీద నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. ఒక్క దెబ్బకు గుండె ఆగడం నిజమన్నమాట. ఆ సందును కనిపెట్టి కొట్టే గురువు మాత్రం ఇంకా పుట్టలేదు.

చైనా కంచు బొమ్మ, చికాగో దొర

చైనావాళ్ల దగ్గర సూదుల వైద్యం నేర్పడానికి 1027 నాటికే చుక్కలు గుర్తుపెట్టిన నిలువెత్తు కంచు బొమ్మలున్నాయి. 1669లో హువాంగ్ జోంగ్‌సీ అనే పండితుడు ఒక యోధుడి సమాధి మీద రాసిన మాటల్లో ఆ బొమ్మ ప్రస్తావన వస్తుంది: చావు చోట్లు, మూర్ఛ చోట్లు, నోరు పడిపోయే చోట్లు ఆయనకు తెలుసునట, అన్నీ కంచు బొమ్మ మీద ఉన్నట్టే. తర్వాత దానికి పంచాంగం కూడా తోడైంది. ఏ జాములో రక్తం ఏ దారిన పోతుందో చూసి అక్కడ కొట్టాలట. రాహుకాలం చూసి చెంపదెబ్బ కొట్టినట్టుంది.

కన్యాకుమారి వైపు వర్మకళలో లెక్క 108: ప్రాణాంతకాలు 12, తక్కినవి 96. అక్కడి ఆశాన్లు, అంటే గురువులు, అదే చేత్తో బెణుకులకూ విరుగుళ్లకూ వైద్యం చేస్తారు. ఊరు బతికించుకున్నది ఆ వైద్యాన్నే.

1973 జులై 20న బ్రూస్ లీ 32 ఏళ్లకే హాంకాంగ్‌లో పోయినప్పుడు, ఎవరో శత్రువు వారాల ముందే మర్మం మీద తాకి వదిలాడని పుకారు. విచారణలో తేలింది మెదడు వాపు. అదే రోజుల్లో అమెరికాలో కౌంట్ డాంటే అని పేరు మార్చుకున్న చికాగో మనిషి ఒకడు ప్రపంచంలో తనంత ప్రమాదకరమైనవాడు లేడని పిల్లల బొమ్మల పుస్తకాల్లో ప్రకటనలిచ్చి, చావుదెబ్బల రహస్యాలు పోస్టులో అమ్మాడు. 1975లో కడుపులో పుండు పగిలి పోయాడు, నలభై కూడా నిండకుండానే.

తాకకుండా పడగొట్టేవాళ్లు

జపాన్‌లో యానగి ర్యూకెన్ అనే పెద్దాయన చెయ్యి ఊపితే శిష్యులు పదిమంది ఎగిరి పడేవారు. ఆయన ఆ శక్తిని నిజంగానే నమ్మాడు. అందుకే 2006లో బయటి ఫైటర్ ఒకడితో పందెం కట్టాడు. పాపం, నిమిషం తిరక్కుండానే ముక్కు నెత్తురు కారింది. పడిపోవడం శిష్యులు నేర్చుకున్న మర్యాద, గురువుకు ఆ సంగతి తెలియదు.

మన దేశంలోనూ ఒక పరీక్ష జరిగింది. 2008 మార్చిలో ఒక హిందీ టీవీ చానల్లో, మంత్రంతో మూడు నిమిషాల్లో చంపుతానన్న తాంత్రికుడి ముందు హేతువాది సనల్ ఎడమరుకు కూర్చున్నాడు. గంటలు గడిచాయి. తాంత్రికుడు మంత్రాలు చదివాడు, నీళ్లు చల్లాడు, కణతలు కూడా నొక్కి చూశాడు. సనల్ నవ్వుతూనే ఉన్నాడు. బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదివే మన తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన కార్యక్రమం.

మరి భయపడాల్సిన చెయ్యి ఏది? నన్నడిగితే సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ పట్టుకుని ‘కటక్’మనిపించే చెయ్యి. వెన్నుపూసల్లోంచి మెదడుకు పోయే ధమని అలాంటి మెలికకు చిరగొచ్చు. హైదరాబాద్‌లో బ్యూటీపార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగా ఒకామెకు పక్షవాతం లక్షణాలు వచ్చిన సంగతి 2022లో అక్కడి నరాల వైద్యుడొకరు బయటపెట్టారు. నేనైతే ‘మెడ వద్దు బాబూ’ అని కుర్చీ ఎక్కేముందే చెప్పేస్తాను.

చూడదగ్గ సాము కావాలంటే దసరాకు అమలాపురం వెళ్లండి. చెడీ తాలింఖానా ఊరేగింపులో కర్రసాము, కత్తిసాము, అగ్గిబరాటాలు తిప్పడం, అన్నీ నడివీధిలోనే, వేలమంది కళ్లముందు. ఒకడు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. పొట్ట మీద కాయ పెడతారు. సుశ్రుతుడి నాభి మర్మం సరిగ్గా దాని కిందే. ఇంకొకడు కళ్లకు గంతలు కట్టుకుని కత్తి ఎత్తుతాడు. కాయ రెండు ముక్కలవుతుంది. పడుకున్నవాడు లేచి పొట్ట తుడుచుకుని, తర్వాతి వంతువాడికి చోటిస్తాడు.