మెమరీని ఊడ్చే కలెక్టర్ కథ

1950ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో జాన్ మెకార్తీ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందిస్తున్నారు. చేతిలో ఉన్నది ఐబీఎం 704 కంప్యూటర్. దాని మెమరీ ఎంత పెంచినా 36 బిట్ల గదులు 32,768కి మించవు. ఇవాళ్టి లెక్కలో అది 150 కిలోబైట్లలోపే. లిస్ప్ జాబితాలేమో ఒకదాన్ని ఒకటి పట్టుకుని అల్లుకుపోతాయి. ఏది ఇంకా కావాలో, దేనితో పని తీరిందో ప్రోగ్రామరే గుర్తుంచుకుని చెరపాలంటే ఎక్కడో ఒకచోట పొరపాటు తప్పదు.

ప్రతి వస్తువు పక్కనా దాన్ని ఎన్ని చోట్ల వాడుతున్నారో లెక్క రాసుకోవచ్చు. కానీ ఒక్కో గదిలో మిగిలినవి ఆరే బిట్లు, అవీ విడివిడిగా ఉన్నాయి. అందుకే మెకార్తీ మరో దారి పట్టారు. ఖాళీ చోటు అయిపోయేదాకా దేన్నీ తుడవరు. అయిపోయాక, ప్రోగ్రామ్ వాడుతున్న వాటి నుంచి బయల్దేరి అందిన ప్రతిదానికీ గుర్తు పెడతారు. గుర్తు పడనివన్నీ మళ్ళీ ఖాళీ చోటే. 1960 ఏప్రిల్‌లో వెలువడిన ఆయన పత్రంలో ఈ పద్ధతి ఉంది. అదే గార్బేజ్ కలెక్టర్.

ఆ తొలినాళ్ళలో ఒకసారి పరిశ్రమల ప్రతినిధుల ముందు లిస్ప్‌ను ప్రదర్శిస్తుండగా మెమరీ నిండిపోయింది. కలెక్టర్ రంగంలోకి దిగి, తన గణాంకాలన్నీ సెకనుకు పది అక్షరాల చొప్పున టైపు చేయసాగింది. దాని సంగతి ఎవరూ చెప్పని ఆ సభలో నవ్వులు రేగాయి. ఎవరో ఆకతాయి పని అనుకుని ఉంటారని మెకార్తీ తర్వాత గుర్తుచేసుకున్నారు.

1960 డిసెంబరులో జార్జ్ కాలిన్స్ లెక్క రాసుకునే పద్ధతినే ప్రచురించారు. లెక్క సున్నాకు చేరగానే చోటు ఖాళీ అవుతుంది. దీనిలో ఒక పెద్ద లోపం ఉంది: రెండు వస్తువులు ఒకదాన్నొకటి పట్టుకుంటే ఆ లెక్క ఎన్నటికీ సున్నా కాదు. 1991లో వచ్చిన పైథాన్ ఈ పద్ధతినే నమ్ముకుంది. ఇలాంటి వలయాలను విప్పే కలెక్టర్ దానికి 2000లో, 2.0 వెర్షన్‌తో వచ్చింది.

వందలాది ఎక్సెల్ ఫైళ్ళను చదివే పైథాన్ స్క్రిప్టు మెమరీ చాలక నడుమలో చతికిలబడితే కారణం ఇక్కడే వెతకాలి. ఆ ఫైళ్ళను చదవడానికి వాడే ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీ ప్రతి గడినీ విడి వస్తువుగా మారుస్తుంది. అందుకే ఫైలు పరిమాణానికి దాదాపు 50 రెట్ల మెమరీ కావాలి. 50 మెగాబైట్ల ఫైలుకు 2.5 గిగాబైట్లు. పైగా వర్క్‌బుక్ తన షీట్లను, ప్రతి షీటూ తన వర్క్‌బుక్‌నూ పట్టుకుని ఉంటాయి. ‘డెల్’ ఆదేశం పేరును మాత్రమే తీసేస్తుంది. వలయం తెగాలంటే కలెక్టర్ రావాలి. పెద్ద ఫైలు పూర్తయ్యాక దాన్ని మనమే పిలవవచ్చు.

అయితే ఒక వస్తువును ఇంకా ఎవరైనా పట్టుకున్నారా అన్నదే కలెక్టర్‌కు తెలుసు. దానితో మనకు పని ఉందో లేదో తెలియదు. తెరిచిన వర్క్‌బుక్‌లన్నిటినీ ఒక జాబితాలో పోగేస్తే అది ఒక్క గడినీ ముట్టుకోదు. కాబట్టి ఒక ఫైలు తెరిచి, కావలసిన అంకెలు తీసుకుని, దాన్ని వదిలాకే తర్వాతిది తెరవాలి. చదవడమే పనైతే ‘రీడ్ ఓన్లీ’ పద్ధతి మేలు. అందులో వరుసలు ఒక్కొక్కటిగా వస్తాయి. చివర ఫైలును మూసే బాధ్యత మాత్రం మనదే. ఇలా రాసిన స్క్రిప్టుకు ఫైళ్ళు వెయ్యి ఉన్నా, ఒక్క ఫైలుకు సరిపడే మెమరీ చాలు.