రంగుకు ముందు బ్రేకు

మా అబ్బాజాన్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం బోధించారు. దక్కను సుల్తానుల పాఠం వచ్చిన ప్రతిసారీ ఆయన నల్లబల్లపై సుద్దముక్కతో ఒక పెద్ద అర్ధగోళం గీసేవారు. అది బీజాపూర్‌లోని గోల్ గుంబజ్. 1656లో పూర్తయిన ఆ కట్టడం ముహమ్మద్ ఆదిల్ షా సమాధి మందిరం. సుమారు 44 మీటర్ల వెడల్పున్న గుమ్మటానికి లోపల ఒక్క స్తంభమైనా ఆధారంగా లేదు. గుమ్మటం లోపలి వరండాలో ఒకవైపు నిలిచి మెల్లగా పలికిన మాట ఆవలివైపు వారికి స్పష్టంగా వినిపిస్తుంది. ఇదంతా కళ్లకు కట్టినట్టు వర్ణించి, చివర “నేను మాత్రం ఇంకా చూడలేదర్రా!” అని నవ్వేవారు. ఆ నవ్వు విన్న విద్యార్థుల్లో మేమూ ఉన్నాము.

ఉద్యోగ విరమణ తరువాత చూద్దామనుకున్నారు. అప్పటికి మోకాళ్లు సహకరించలేదు. బస్సులో గంటసేపు కదలకుండా కూర్చుంటే నడుము పట్టేస్తుంది. నడుమ నడుమ ఆగి, కాసేపు నడుము వాల్చుకుని మళ్లీ బయలుదేరే వీలుంటే తప్ప ఆయన దూర ప్రయాణం చేయలేరు. సంపన్న దేశాల్లో ఇలాంటి అవసరానికి మంచం, వంటగది ఉన్న ఇంటి బండ్లు ఉంటాయి. పుల్లలచెరువులో మాకున్నది వేపచెట్టు కింద నిలిచిపోయిన పాత డీజిల్ వ్యాను.

వేపచెట్టు కింది వ్యాను

అది తొమ్మిది సీట్ల బండి. చివరి వరుస మడిచి బట్టల మూటలు వేసుకుని, చుట్టుపక్కల సంతలకు తిరిగి చాలా ఏళ్లు మా కుటుంబాన్ని పోషించింది. 2020 లాక్‌డౌన్‌లో సంతలు ఆగిపోయాయి. తరువాత మేము వ్యాపారం మార్చుకున్నాము. బండి మాత్రం నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది. టైర్లలో గాలి దిగింది. ఎలుకలు వైర్లు కొరికాయి. పైకప్పు అంచున రబ్బరు ఎండి, వాన నీరు లోపలికి దిగి, పాదాల కింది రేకు తుప్పు పట్టింది.

కొత్త బండి కొనే స్తోమత లేదు. మొత్తం పని గ్యారేజీకి అప్పగించే డబ్బూ లేదు. చేతనైనంత మనమే చేసుకుందామని ఇంటిల్లిపాదీ నిశ్చయించాము. ‘బిస్మిల్లాహ్’ అని మొదలుపెట్టాము. ఉద్దేశం మంచిదే. మొదలుపెట్టిన చోటే తప్పు.

మేము చేసిన పొరపాటు

మొదట తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, రంగు వేశాము. మా శ్రీమతి కిటికీలకు తెరలు కుట్టారు. చివరి వరుస సీటు మడిచి, దానిపై తీసి పెట్టుకునే చెక్కబల్ల, పరుపు అమర్చాము. రెండు నెలలకు బండి పెళ్లివారి బండిలా తయారైంది. కొత్త బ్యాటరీ వేయగానే ఇంజను కూడా కాసేపు దగ్గి అందుకుంది. బ్రేకు నూనె సీసాలో మట్టం తగ్గితే కొంచెం పోసి నింపాము. మా వీధిలో నడిపి చూస్తే బండి చక్కగా ఆగింది. వచ్చే వారమే ప్రయాణమని అబ్బాజాన్‌కు చెప్పేశాము.

బయలుదేరే ముందు ఒకసారి చూపిద్దామని ఎర్రగొండపాలెంలో లారీలు బాగుచేసే ఒక వృద్ధ మేస్త్రీని పిలుచుకొచ్చాము. ఆయన బండి చుట్టూ తిరిగి చూసి అడిగారు: “మొదట ఏం చేశారు బాబూ?”

“రంగు వేశాము చాచా.”

“దిగుడులో రంగు బండిని ఆపదు కదా!”

ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు పెడలును తొక్కి, అలాగే అదిమి ఉంచారు. గట్టిగా నిలవవలసిన పెడలు నెమ్మదిగా కిందికి జారసాగింది. వెనుక చక్రం ఊడదీయించి డ్రమ్ము తెరిచారు. వీల్ సిలిండర్‌లోని రబ్బరు గట్టిపడి బ్రేకు నూనె కారుతోంది. లైనర్లు ఆ నూనెలో తడిసి ఉన్నాయి. సీసాలో మట్టం ఎందుకు తగ్గిందో మేము అడగనేలేదు. నింపి ఊరుకున్నాము.

“చదును నేల మీద ఇది ఆగుతుంది. మీరు వెళ్లేది నల్లమల ఘాట్ మీదుగా” అన్నారాయన.

ఆ క్షణంలో మా కళ్ల ముందు వెనుక సీట్లో కూర్చున్న అమ్మీజాన్, అబ్బాజాన్, మా పన్నెండేళ్ల అమ్మాయి మెదిలారు. ముగ్గురూ మా చేతి పనిని నమ్మి ఎక్కేవారే. నోట మాట రాలేదు.

బ్రేకు నూనె సంగతి చాలామందికి తెలియదు. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. ఏళ్ల తరబడి మార్చకపోతే అందులో నీరు చేరుతుంది. పొడవైన దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచితే ఆ వేడికి నీరు మరిగి ఆవిరి అవుతుంది. నూనెను అదిమితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది. ఆవిరిని అదిమితే ఆవిరే నలుగుతుంది. పెడలు నేలకు తగులుతుంది గాని బండి ఆగదు. అందుకే రెండేళ్లకొకసారి ఆ నూనెను పూర్తిగా మార్చాలని, దిగుడులో తక్కువ గేరు వేసి ఇంజను చేతనే బండిని పట్టి ఉంచాలని అనుభవజ్ఞులు చెబుతారు.

ప్రయాణం వాయిదా పడిందని చెప్పడానికి సిగ్గుపడుతూ అబ్బాజాన్ దగ్గరికి వెళ్లాము. ఆయన పుస్తకం మూసి, “ముప్పై ఏళ్లు ఆగాను బేటా, మరో నెల ఆగలేనా? పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పుకుందాం” అన్నారు.

పలక మీద జాబితా

మార్కాపురం పలకలకు పేరుగాంచిన ప్రాంతం మాది. అబ్బాజాన్ మా అమ్మాయి చేత పాత పలకపై జాబితా రాయించారు. వరుస ఆయనదే: మొదట బండి ఆగాలి, తరువాత చెప్పినట్టు తిరగాలి, తరువాత దారి కనిపించాలి, ఆపైన నడవాలి, అన్నిటికన్నా చివర ఇల్లు కావాలి. పని పూర్తయి, మరొకరు చూసి సరేనన్నాకే పలక మీది మాట చెరపాలి. చేసినవారే చెరపకూడదు. ఈ ఒక్క నియమం మా పనితీరునే మార్చివేసింది.

మళ్లీ చక్రాలు ఎత్తాము. పెరటి మట్టిలో జాకీ దిగబడుతుంటే పక్కనున్న రాతి పలకను దాని కింద పెట్టబోయాము. అబ్బాజాన్ వారించారు: “ఈ రాయి పొరలు పొరలుగా చీలుతుంది. అందుకే పలక అయింది. అందుకే జాకీ కింద పనికిరాదు.” మందపాటి చెక్కదిమ్మ పెట్టాము. మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు అడ్డం వేశాము. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదన్నది రెండవ నియమం. ఇనుప స్టాండ్లు అద్దెకు తెచ్చాకే కింద పని చేశాము.

టైర్ల గీతలు లోతుగానే ఉన్నాయి గనుక పనికొస్తాయనుకున్నాము. మేస్త్రీ వాటి పక్కభాగంపై అచ్చొత్తిన నాలుగు అంకెలు చూపించారు. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2314 అంటే 2014లో 23వ వారం. అరగని టైరు కూడా ఏళ్లు గడిస్తే గట్టిపడి పక్కల్లో పగుళ్లిస్తుంది. మా టైర్లలో ఆ పగుళ్లు కనిపించాయి. తెరలకు, పరుపుకు పెట్టిన ఖర్చు తలచుకుని బాధపడుతూనే టైర్లు మార్చాము.

రేడియేటర్ మా ఊరి నీటి కథ చెప్పింది. ఈ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. ఏళ్లుగా పోసిన ఆ నీరు లోపల సున్నంలా పేరుకుని గొట్టాలను ఇరుకు చేసింది. దానిని శుభ్రం చేయించి, డిస్టిల్డ్ నీరు కలిపిన కూలెంట్ పోశాము. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుందని అమ్మాయికి కూడా నేర్పాము. ట్యాంకులో నాలుగేళ్లు నిలిచిన డీజిల్ తీసేసి, ఫిల్టర్ మార్చాము.

చేతనైనది, చేతకానిది

‘మన పని మనమే’ అన్న మాటకు ఒక హద్దు ఉన్నదని ఈ బండి మాకు నేర్పింది. రంగు, తుప్పు, పైకప్పు రబ్బరు, ఫిల్టర్లు, లైట్లు మేమే చేశాము. పైకప్పు మీద బిందెలతో నీళ్లు పోసి, లోపల పాత పత్రికలు పరచి ఎక్కడ తడి పడుతుందో చూశాము. బ్రేకులు, స్టీరింగు, నేల రేకు వెల్డింగు మాత్రం మేస్త్రీ చేశారు. మేము పక్కన నిలబడి పానాలు అందించాము. తెలియని పనిని తెలిసినవారికి అప్పగించడం చిన్నతనం కాదు. నలుగురి ప్రాణాలు ఎక్కే బండి నడిపేవాని చేతిలో ఒక అమానత్.

ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (స) బోధన మనందరికీ తెలిసిందే. ప్రయాణ దుఆ కంఠస్థం చేసి, కారుతున్న బ్రేకుతో బయలుదేరబోయిన మాకు ఆ బోధన కొత్తగా అర్థమైంది. కట్టవలసిన ముడి కట్టకుండా దానికి తవక్కుల్ అని పేరు పెట్టుకోకూడదు.

చట్టం కూడా చూసుకోవాలి. సొంత వాహనానికి 15 ఏళ్లు నిండితే తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. అందుకే మేము సీట్లు పీకలేదు. మడత సీటుపై తీసి పెట్టుకునే బల్లతోనే సరిపెట్టుకున్నాము. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, బీమా, కాలుష్య ధ్రువపత్రం అన్నీ పూర్తయ్యాకే పలక మీది ఆ వరుస చెరిగింది.

చివరికి ఇల్లు

ఇల్లుగా అమర్చడం ఈసారి చివరి పని. వుజూకు, వంటకు నీరు కావాలి. నూరు లీటర్ల తొట్టి పెడదామనుకున్నాము. లీటరు నీరు కిలో బరువు. నూరు కిలోలు మలుపులో ఒకవైపు ఊగితే బండి అదుపు తప్పవచ్చు. ఇరవై లీటర్ల డబ్బాలు రెండు చాలనుకుని, నేల మీద, రెండు చక్రాల వరుసల మధ్య పట్టీలతో బిగించాము. వంట గ్యాసు గాలి కంటే బరువైనది. కారితే నేలబారున పేరుకుంటుంది. కనుక చిన్న సిలిండర్ గొట్టం కీళ్లకు సబ్బునురుగు రాసి పరీక్షించాము. వంట మాత్రం బండి ఆపి, బయట నేల మీదే చేయాలని నిర్ణయించాము. ఫ్యానుకు, దీపానికి తీసిన తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాము. పరుపు బండి ఆగినప్పుడే. నడిచేటప్పుడు అబ్బాజాన్ అయినా సీట్లో బెల్టు పెట్టుకునే కూర్చోవాలి.

ఒక ఉదయం ఫజ్ర్ నమాజు చేసుకుని బయలుదేరాము. ఎర్రగొండపాలెం, దోర్నాల దాటి నల్లమలలో ప్రవేశించాము. పులుల అభయారణ్యం గుండా వెళ్లే దారి కనుక పగలే దాటేలా చూసుకున్నాము. ఎక్కడం సులువుగానే సాగింది. దిగుడు మొదలయ్యే చోట బండి ఆపి, రెండవ గేరు వేశాము. బండి ఇంజను పట్టులో నెమ్మదిగా దిగింది. అవసరమైన మలుపుల్లో తొక్కిన బ్రేకు పెడలు ప్రతిసారీ అదే ఎత్తులో గట్టిగా నిలిచింది. వెనుక నుంచి ఎవరూ మాట్లాడలేదు. ఆత్మకూరు వైపు చదును నేల కనిపించాక బండి పక్కకు ఆపాము. అబ్బాజాన్ మెల్లగా దిగి, చేయి చక్రానికి దగ్గరగా పెట్టి వేడి చూసి, తల ఊపారు.

ముందింకా కర్నూలు, రాయచూరు, ఆపైన బీజాపూర్ ఉన్నాయి. మా అమ్మాయి పలక తీసి చూపింది. అన్ని వరుసలూ చెరిగి, పైన ఒక్క మాట మిగిలింది: ‘ఆగాలి’. దానిని ఎవరు చెరపాలని అడిగితే అబ్బాజాన్ వద్దన్నారు.

“అది అలాగే ఉండనీ అమ్మా. తిరుగు ప్రయాణంలోనూ ఇదే ఘాట్ ఉంది.”