చందా ఛానళ్లు – సరిహద్దు తెలుగు గృహము

బెంగళూరు నుండి హోసూరునకు పోవు 44వ జాతీయ రహదారిపై, కర్ణాటక రాష్ట్రపు కొసన నున్న పట్టణము అత్తిబెలె. ఇది బెంగళూరు నగర జిల్లా, ఆనేకల్లు తాలూకాలోనిది. సరిహద్దు దాటినంతనే తమిళనాడు మొదలగును. ఈ ప్రాంతమున తరతరములుగా కన్నడము, తమిళము, తెలుగు కలిసి మెలగుచున్నవి. పారిశ్రామికవాడలు వెలసిన పిదప ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు కుటుంబములును వీరితో చేరినవి. ఇట్టి ఇండ్లలోని పిల్లలలో పెక్కుమందికి తెలుగు బడిలో వినబడదు, వీధిలో అరుదుగా వినబడును. ఇంటిలో పెద్దల నోటను, సాయంకాలము టెలివిజన్‌లోను వినబడును. కావున మనము మెచ్చిన కార్యక్రమములు చందా కట్టిననే గాని కనబడని స్థితి వచ్చుట వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఈ మార్పు ఎట్లు వచ్చినది, సరిహద్దు తెలుగువారికి అది ఏల అదనపు భారమైనది, మనము చేయదగిన దేమి అను మూడంశములను ఇచట పరిశీలింతము.

మన దేశమున టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలయ్యెను. హైదరాబాదు కేంద్రము 1977లోను, బెంగళూరు కేంద్రము 1981లోను ఏర్పడినవి. నాడు నెలనెల చందా లేకున్నను, రేడియోకు వలెనే టెలివిజన్‌కును లైసెన్సు రుసుము 1980వ దశకము నడుమ వరకు ఉండెను. కావున ‘ఉచితము’ అనునది మనము తలచునంత ప్రాచీనమైనది కాదు.

1991లో ఉపగ్రహ ఛానళ్లు ప్రవేశించినవి. 1995లో జెమిని, ఈటీవీ తెలుగు ప్రసారములు ఆరంభించెను. ఈటీవీలో 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’, జెమినిలో 2001 నుండి 2007 వరకు వచ్చిన ‘అమృతం’ ఇంటిల్లిపాదిని ఒకచోట కూర్చుండబెట్టిన కార్యక్రమములు. కేబుల్ ఆపరేటరు నెలకొక మొత్తము వసూలు చేసికొనుచుండెను. అందులో ఏ ఛానలునకు ఎంత పోవుచున్నదో చూచువారికి తెలియదు. తెలియదు గనుక అంతయు ఉచితమే యనిపించెను.

ప్రసార సంస్థకు ఆదాయమార్గములు రెండు: ఒకటి ప్రకటనలు, రెండవది చందాలు. ఉచిత ఛానలు మొదటిదానిపైననే ఆధారపడును. చందా ఛానలునకు రెండును లభించును. ప్రేక్షకుల ఆదరణ పెరిగిన ఛానలు రెండవ మార్గమును కోరుట వ్యాపారధర్మము. అలవాటు పడిన పిదప ధర చెల్లింపవలసివచ్చుట ప్రేక్షకుని ఆవేదనకు మూలము.

ఇంతవరకు మరుగున నున్న ఈ ధర 2019లో బయటపడెను. ట్రాయ్ అను టెలికాం నియంత్రణ సంస్థ 2017 మార్చిలో వెలువరించిన ఉత్తరువు, న్యాయస్థానములలో వాదోపవాదములు ముగిసిన మీదట, 2019 ఫిబ్రవరి 1 నుండి అమలునకు వచ్చెను. దాని ప్రకారము ప్రతి చందా ఛానలునకును విడిగా గరిష్ఠ ధర ప్రకటింపవలెను. వినియోగదారుడు కోరిన ఛానలును విడిగా తీసికొనవచ్చును, లేక ప్యాకుగా తీసికొనవచ్చును. వీనికి తోడు, మొదటి 100 ఛానళ్లను ఇంటికి చేర్చినందుకు 2019లో నెలకు 130 రూపాయలకు మించని రుసుమును, పన్నును ఉండెను. ప్యాకులో చేర్చదలచిన ఛానలు ధర 19 రూపాయలు మించరాదని నియమము పెట్టగా, ఆదరణ గల ఛానళ్లు పెక్కింటికి ఆ 19 రూపాయలే ధరయై నిలిచెను. పరిమితిగా పెట్టినది ప్రమాణమైనది.

ఇక సరిహద్దు విషయము. ప్రసార సంస్థలు ప్యాకులను భాషల వారీగా కట్టును. కర్ణాటకలో ముందుకు వచ్చునది కన్నడ ప్యాకు. సరిహద్దు కావల తమిళ ప్యాకు. తెలుగు రెండుచోట్లను అదనపు వస్తువే. అత్తిబెలె తెలుగు కుటుంబమునకు కన్నడము అక్కరలేనిది కాదు. అది ఊరి భాష, పిల్లల బడి భాష, ఇరుగుపొరుగుల భాష. తెలుగు ఇంటి భాష. రెండును కావలెను.

2019 నాటి లెక్కను చూతము. 130 రూపాయల రుసుముతో, 19 రూపాయల ఛానళ్లు మూడు, ఒకే భాషలో తీసికొనిన ఇంటికి 187 రూపాయలు. 18 శాతము పన్నుతో 220 రూపాయల 66 పైసలు. అట్టి ఛానళ్లనే కన్నడమున మూడు, తెలుగున మూడు తీసికొనిన ఇంటికి 244 రూపాయలు; పన్నుతో 287 రూపాయల 92 పైసలు. భేదము నెలకు 67 రూపాయల 26 పైసలు, సంవత్సరమునకు 807 రూపాయల 12 పైసలు. ప్యాకుగా తీసికొనిన కొంత తగ్గును గాని, రెండు ప్యాకుల అవసరము తప్పదు. నెలజీతముపై బ్రతుకు కార్మికుని ఇంట ఏదో యొకటి మానుకొనవలసి వచ్చినప్పుడు, మానుకొనబడునది తరచుగా తెలుగే.

డబ్బు చెల్లించినను భరోసా లేదు. కొత్త ధరలపై 2023 ఫిబ్రవరిలో వివాదము చెలరేగగా, స్టార్, జీ, సోనీ సంస్థలు తమతో ఒప్పందము చేసికొనని కేబుల్ సంస్థలకు కొన్నిదినములు ప్రసారములు నిలిపివేసెను. చందా కట్టిన గృహస్థును అడిగినవారు లేరు. ఉచితముగా వచ్చునవియు స్థిరము కావు. నెలచందా లేని డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో ఆరంభమైనది. దానిలో హిందీ ప్రేక్షకులు చూచుచుండిన స్టార్ ఉత్సవ్, జీ అన్మోల్ మున్నగు ఛానళ్లు 2019 మార్చిలో తప్పుకొని, 2020లో తిరిగివచ్చి, 2022 ఏప్రిల్‌లో మరల తప్పుకొనెను.

ఇప్పుడు రెండవ వలస నడచుచున్నది. అది ఛానలు నుండి యాప్‌నకు. ‘అమృతం’ కథకు కొనసాగింపైన ‘అమృతం ద్వితీయం’ 2020 ఉగాదినాడు జీ5 యాప్‌లో వెలువడెను. తెలుగు ‘ఇండియన్ ఐడల్’ పాటలపోటీ 2022లో ఆహా యాప్‌లో మొదలయ్యెను. రిమోటు నొక్కుట యెరిగిన అవ్వలు, తాతలు ఫోనులో ఖాతా తెరచి చందా కట్టుటకు మనుమలపై ఆధారపడవలసివచ్చెను. మనుమలకు తీరిక లేనినాడు కార్యక్రమమును లేదు.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. మొదటిది: ఛానలును విడిగా కోరు హక్కు నేటికిని కలదు. ఆపరేటరు చూపిన ప్యాకునకే తల యూపక, ఇంట నిజముగా చూచు ఛానళ్ల పట్టికను వ్రాసికొని అడుగవలెను. 2024 జూలై సవరణతో నెలసరి రుసుముపై నుండిన పరిమితి తొలగినది గనుక, ఇద్దరు ముగ్గురు పంపిణీదారుల ధరలను పోల్చి చూచుట అవసరము. రెండవది: 2014 నుండి ఆ పేర్లతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములకు వేరువేరుగా నడచుచున్న డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి, వీనితోపాటు కన్నడపు డీడీ చందన ఫ్రీ డిష్‌లో నెలచందా లేకయే లభించును. మూడవది: ఫ్రీ డిష్‌లో చందా లేక లభించు ఛానలును అన్ని వేదికలపైనను ఉచిత ఛానలుగానే ప్రకటింపవలెనని ఆ 2024 సవరణయే చెప్పినది. నియమములు మారునవే యనుటకు ఇది తార్కాణము.

నియమములు మార్చుటకు ముందు ట్రాయ్ చర్చాపత్రము వెలువరించి ప్రజాభిప్రాయము కోరును. దానికి సంఘములును సమాధానము వ్రాయవచ్చును. సరిహద్దు తాలూకాలకు రెండు భాషల ఉమ్మడి ప్యాకు, ఒకే భాషా ప్యాకునకు దగ్గరి ధరలో, ఉండవలెనని మన తెలుగు సంఘములు లెక్కలతో విన్నవించుట ఉచితము. ఈ కోరిక మనకొక్కరికే కాదు. హోసూరులోని కన్నడిగునికిని, చిత్తూరులోని తమిళునికిని మేలు చేయునదే. ఊరి భాషను ఆదరించువాడు ఇంటి భాషకు దండుగ కట్టవలసిన స్థితి ఏ రాష్ట్రమునను ఉండరాదు.