షుగర్ ఉందా?

హైదరాబాదులో ఒక ఆదివారం సాయంత్రం. కాఫీ బార్ కిటకిటలాడుతోంది. ఒకే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని ఎదుట కాలేజీ కుర్రాడొకడు కూర్చున్నాడు. "ఇక్కడెవరైనా వస్తున్నారా?" అని అడిగి, లేదన్నాక కూర్చున్నాను. పాలు కాచే యంత్రం ఆవిరి వదులుతూ బుస్సుమంటోంది. అంతలో అతను కాస్త ముందుకు వంగి, "సార్, షుగర్ ఉందా?" అన్నాడు.

"లేదు బాబూ, మొన్ననే పరీక్ష చేయించుకున్నాను. బీపీ మాత్రం కొంచెం ఉంది" అన్నాను.

నా మోచేతి పక్కనున్న చక్కెర డబ్బా వైపు వస్తున్న అతని చెయ్యి సగం దారిలో ఆగిపోయింది.

డబ్బా అందించాను. ఆ తర్వాత నిశ్శబ్దం. అది భరించలేక ఇద్దరం ఒక్కసారే "మీరు..." అన్నాం. "చెప్పండి సార్." "ఫర్వాలేదు, మీరే చెప్పండి." ఇద్దరం ఆగాం. మళ్ళీ ఒక్కసారే మొదలుపెట్టాం. చివరికి ఇద్దరం నవ్వాం. అతను గబగబా కాఫీ ముగించి వెళ్ళిపోయాడు. నేను వారం రోజులు ఆ వీధి ఛాయలకు పోలేదు.

ఇలాంటివి మీకూ జరిగే ఉంటాయి, ఇంటికెళ్ళాక తలుచుకుని నాలుక కరుచుకునే ఉంటారు. నిజానికి ఇందులో మన తెలివితక్కువతనం కంటే మన మెదడు పనితీరే ఎక్కువ ఉంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకరి మాట ముగిశాక రెండోవారు అందుకోవడానికి ఎంతసేపు పడుతుంది? తాన్యా స్టివర్స్, ఆమె సహచరులు పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలకు వచ్చే జవాబుల్ని కొలిచి 2009లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద సగటు వ్యవధి సుమారు 200 మిల్లీ సెకన్లు, అంటే సెకనులో అయిదోవంతు! జపనీస్‌లో సగటున 7 మిల్లీ సెకన్లే. అన్నిటికంటే నిదానమైన డేనిష్‌లోనూ 470కి మించలేదు.

ఇప్పుడు మరో సంఖ్య. పిల్లి బొమ్మ చూపించి పేరు చెప్పమంటే, నోటి వెంట "పిల్లి" అన్న మాట రావడానికి సుమారు 600 మిల్లీ సెకన్లు పడుతుంది. ఒక్క మాట తయారవడానికే 600 కావాలంటే, 200లో జవాబెలా ఇస్తున్నాం?

ఎదుటివారు ముగించకముందే మొదలుపెడుతున్నాం కాబట్టి! వాక్యం ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో మెదడు ఊహిస్తూ, వింటూనే జవాబు వండేస్తుంది. ఊహ చాలాసార్లు ఫలిస్తుంది. స్నేహితుడితో అయితే మరీను. అతని ధోరణి మనకు తెలుసు. కొత్తవారి విషయంలో ఆ ఆసరా లేదు. పైగా రక్తపరీక్ష రిపోర్టు రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. "షుగర్" అనగానే మెదడు ఆ ఫైలే తెరిచింది. (అతను "చక్కెర ఉందా" అని ఉంటే డబ్బాయే అందించేవాణ్ణి. మన భాషలో చక్కెర వంటింటిది, షుగర్ వంటింటిదీ ఆసుపత్రిదీ కూడా.)

ఇక ఆ ఢీకొట్టుకోవడం సంగతి. సంభాషణలో మాట వంతు ఎలా మారుతుందో 1974లో హార్వే శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ వివరించారు. మాట్లాడేవారు ప్రశ్నతోనో చూపుతోనో తర్వాతివారిని ఎంచుకోవచ్చు. అలా ఎంచుకోకపోతే, ముందు నోరు విప్పినవారిదే వంతు. మా నిశ్శబ్దంలో ఎవరూ ఎవరినీ ఎంచుకోలేదు. ఇద్దరికీ ఓపిక ఒకేసారి నశించింది. ఒకే తీగపై కంప్యూటర్లను కలిపే పాత ఈథర్‌నెట్ పద్ధతిలోనూ ఈ తంటా ఉండేది: రెండు సందేశాలు ఢీకొంటే రెండూ ఆగి, ఒక్కొక్కటి యాదృచ్ఛికంగా ఎంచుకున్న వేరు వేరు వ్యవధి తర్వాత మళ్ళీ ప్రయత్నించేవి. మర్యాదస్తులైన మనుషులు మాత్రం సమానంగా ఆగి, సమానంగా మొదలుపెట్టి, మళ్ళీ ఢీకొంటారు!

కానీ అంత చిన్న నిశ్శబ్దానికి అంత కంగారెందుకు? ఇంగ్లీషు సంభాషణల్లో సుమారు ఒక సెకను దాటాక మనుషులు ఇబ్బందిపడి ఏదో ఒకటి అంటారని జెఫర్సన్ గమనించింది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, సంభాషణ మధ్య నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉన్న వీడియో చూసినవారికి తమను వెలివేసినట్టనిపించింది. నాలుగే సెకన్లు!

నవ్వు మాటకొస్తే, రాబర్ట్ ప్రొవైన్ బహిరంగ స్థలాల్లో 1,200 నవ్వులు గమనించి 1993లో రాశాడు: హాస్యం లాంటిది విని పుట్టిన నవ్వులు అయిదోవంతు కూడా లేవు. మిగతావి మామూలు మాటల వెంట వచ్చినవే.

నన్ను ఎక్కువగా ఊరడించింది మాత్రం 2018 నాటి పరిశోధన. ఎరికా బూత్‌బీ బృందం కొత్తవారిని జంటలుగా కాసేపు మాట్లాడించి, ఎవరికి ఎదుటివారు ఎంత నచ్చారో, తాము ఎంత నచ్చామనుకుంటున్నారో విడివిడిగా అడిగింది. తాము నచ్చినంతగా నచ్చలేదనే జనం అనుకున్నారు. హాస్టల్లో కలిసి ఉండే విద్యార్థుల్లో ఈ పొరపాటు అంచనా నెలల తరబడి కొనసాగింది. అంటే కొత్త కాలేజీలో "వీళ్ళకి నేను నచ్చలేదు" అని మూల కూర్చున్నవారి లెక్క తప్పయ్యే అవకాశం బాగా ఉంది. నాకైతే ఆ కుర్రాడు బుద్ధిమంతుడిలా తోచాడు. అతను మాత్రం పెద్దాయన్ని రోగాల గురించి అడిగానని బాధపడి ఉంటాడు.

మీరొక ప్రయోగం చేయవచ్చు. ఇద్దరు మిత్రుల అనుమతి తీసుకుని వారి మాటల్ని ఫోన్లో రికార్డు చేయండి. శబ్ద తరంగాన్ని తెరపై చూపే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీని కొలవండి. అవునన్న జవాబులు కాదన్నవాటి కంటే త్వరగా వస్తాయని స్టివర్స్ బృందం తేల్చింది. వారి పది భాషల్లో తెలుగు లేదు.